ఎర్రచార గింజలు

పొలం దగ్గరి ఇల్లు,
వేసవి చివర.

కొలబద్దమ్మకు,

వదిన ఆశీస్సులు. ఈ పేరుతో పిలిస్తే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. చిన్నప్పుడు తలుపులూ గోడలూ కొలుస్తూ తిరిగేదానివని మీ అన్నయ్య పెట్టిన పేరు. ఆయన పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేకుండా పోకూడదని నేను పిలుస్తున్నాను. ఫోను చేయమంటావు గానీ, నా ఎడమ చెవి సంగతి నీకు తెలిసిందే. ఇప్పుడు కుడిదీ దాని దారే పట్టింది. ఉత్తరమైతే ఒకటికి రెండుసార్లు చదువుకోవచ్చు.

పక్క చేను ఆసామి నిన్న వచ్చి, మీ కంపెనీ తన చేను ఒక పంటకి తీసుకుంటోందని చెప్పాడు. ఏదో పురుగు పట్టని మొక్కజొన్నట, ఇంకా బయటికి రాలేదట, పరీక్షకి వేస్తారట. ఇన్ని చేలు ఉండగా మా పక్కదే ఎలా దొరికిందా అని నాకు అనుమానం. నిజం చెప్పు, ఆ చేను నువ్వే చూపించావా? ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. మొగుడు పోయి ఏడాది తిరగలేదు, అప్పుడే ఆ సగం పెత్తనానికి బయల్దేరింది.

వస్తే సంతోషమే. ఇంట్లో అలికిడి లేదు. ఆయన చెప్పులు గుమ్మం దగ్గర అలాగే ఉన్నాయి. ఊడ్చేటప్పుడు పక్కకి జరిపి, ఊడ్చాక మళ్ళీ అక్కడే పెడుతున్నాను.

ఆయన మొక్కజొన్న ఈ పంటకి వేయను. చెయ్యి రావడం లేదు. విత్తనం డబ్బాలో బూడిద కలిపి ఉంది, వచ్చే పంటకి చూద్దాం. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, ప్రతి పంటకీ చేనంతా తిరిగి, గాలికి ఒరగని మొక్కని పట్టుకుని, తెల్ల గింజ మీద ఎర్రచార సన్నగా ఉన్న కండెని ఏరి దాచేవాడు. నాకు చీర ఎంచడానికి ఒక్కనాడూ అంతసేపు నిలబడలేదు. ఆ గింజ ఇంకెవరి దగ్గరా లేదు. అడిగినవాళ్ళకల్లా ఇచ్చాడు గానీ, అందరూ ఉడకబెట్టుకుని తిని ఊరుకున్నారు.

ఎప్పుడొస్తావో రాయి.

నీ వదిన


కంపెనీ ఆఫీసు, వెనక గది.

వదినకు నమస్కారాలు.

నీ అనుమానం నిజమే. చేను నేనే చూపించాను. చుట్టుపక్కల ఎవరూ మొక్కజొన్న వేయడం లేదు, దారి ఉంది, నీళ్ళున్నాయి అని ఆఫీసులో కారణాలు చెప్పాను. అన్నీ నిజాలే. వారానికోసారి నీ చేతి అన్నం తినొచ్చన్న కారణం మాత్రం చెప్పలేదు.

నీ ఉద్యోగమేమిటే అని ఎన్నిసార్లడిగినా నేను సరిగ్గా చెప్పలేదంటావు. ఇదిగో. మా దగ్గర కొందరు విత్తనం తయారుచేస్తారు, కొందరు అమ్ముతారు. వాళ్ళిద్దరి మధ్యా నిలబడి ‘ఆగండి’ అనడం నా పని. విత్తనం ఎక్కడికి పోయింది, ఎంత మిగిలింది, మిగిలింది ఏమైంది, ఇవన్నీ చూసుకోవాలి. నేను వస్తుంటే అందరూ టీ కప్పులు పట్టుకుని పక్కకి తప్పుకుంటారు.

ఈ పంట మనుషులు తినొచ్చో లేదో ఇంకా తేలలేదు. తేలేదాకా ఒక్క గింజ కూడా గీత దాటకూడదు. మొక్కజొన్న పుప్పొడి గాలి మీద పోయి ఇంకో చేలో వాలుతుంది. అందుకని మా చేను చుట్టూ కొంత దూరం వరకూ, అదే రోజుల్లో వేరే మొక్కజొన్న ఏదీ పూతకి రాకూడదు. ఆ దూరమే మా గీత, మీ ఇల్లు దాని లోపలే ఉంది. నువ్వెలాగూ వేయనన్నావు కాబట్టి ఇబ్బంది లేదు. మావాళ్ళు వచ్చి ఆ మేరకు సంతకం అడుగుతారు, పెట్టు.

ఇంకో మాట. ఆ డబ్బానీ బూడిదనీ నమ్ముకోకు. మా ఆఫీసులో విత్తనాలకి చల్లటి గది ఉంది. సగం గింజలు నాకివ్వు, ఏళ్ళ తరబడి చెక్కుచెదరవు. అన్నయ్యని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. నువ్వైనా విను.

నీ మరదలు
(కొలబద్ద అని రాయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు)


పొలం దగ్గరి ఇల్లు,
వానల్లో.

కొలబద్దమ్మకు,

సంతకం పెట్టాను. నువ్వు వచ్చిన ఆ కొద్ది వారాలూ ఇల్లు ఇల్లులా ఉంది. అంతలోనే నిన్ను ఇంకో ఊరు తోలేశారు. నీ బదులు వస్తున్న కళ్ళజోడాయన మంచివాడే గానీ, బురదలో అడుగు వేయడానికి ముందు చాలాసేపు ఆలోచిస్తాడు. గేటు దగ్గరే నిలబడి నమస్కారం పెట్టి వెళ్ళిపోతాడు.

చల్లటి గది మాట ఎత్తకు. ఆయన పోయాక, మేము చేరేదాకా ఆసుపత్రిలో అలాంటి గదిలోనే ఉంచారు. తలుపు తీయగానే తగిలిన ఆ చలి ఇంకా నా చేతులకి అంటుకునే ఉంది. ఆయన గింజల్ని కూడా అలాంటి చోటికి పంపలేను. డబ్బా నా మంచం పక్కనే ఉంటుంది.

మూత తీసి చూశాను. కొంచెం ముక్కపురుగు పట్టింది. ఎండలో పోసి, చెరిగి, మళ్ళీ పెట్టాను. కంగారు పడకు. కొట్టం వెనక నేల ఊరికే పడి ఉంటే తవ్వుతున్నాను. నడుము పట్టేసింది గానీ నిద్ర పడుతోంది.

నీ వదిన


ఇంకో ఊళ్ళో, అద్దె గది.

వదినకు,

ఇక్కడ పని వేరు. ఇది ఎప్పుడో అనుమతి వచ్చిన, పురుగు పట్టని పత్తి, అందరూ వేస్తున్నారు. నేను చూడాల్సింది చేను అంచున మామూలు పత్తి వరుసలు వేశారా లేదా అన్నది. పురుగు తిని బతకడానికి ఆ వరుసలు. పురుగుకి వాటా పెట్టే కంపెనీని ఎక్కడా చూడలేదని ఒక పెద్దాయన నన్ను పట్టుకుని దులిపేశాడు. “నా పిల్లలకి పెట్టడానికే లేదు, పురుగుల్ని పోషించమంటావా అమ్మాయ్?” అన్నాడు.

గట్టు మీద కూర్చుని చెప్పాను. అంతటా ఈ పంటే ఉంటే దీనికి చావని పురుగు ఎక్కడో ఒకటి మిగులుతుంది, అలాంటివి రెండు కలిస్తే వాటి సంతానమంతా చావనిదే పుడుతుంది. ఆ వరుసల్లో చచ్చే రకం పురుగులు బతికుంటే, మొండివి వాటితో కలిసి వాటి మొండితనం పలచబడుతుంది. ఆయన గడ్డం గోక్కుని, “అంటే పురుగు కూతుళ్ళకి చేతగాని అల్లుళ్ళని చూసి పెట్టమంటున్నావు” అన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. వరుసలు వేస్తానన్నాడు.

అన్నయ్య ఉంటే ఈ మాటకి ఎంత నవ్వేవాడో. చెప్పడానికి ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను.

మీ పక్క చేను జల్లు వేసి పుప్పొడి రాల్చే రోజులు వస్తున్నాయి. మీ వైపు మొక్కజొన్న లేదని కళ్ళజోడాయన రాశాడు. మా పై ఆఫీసరు మాత్రం, “నీ అయినవాళ్ళ పక్కనే చేను. కంచే చేను మేసిందని అనిపించుకోకు” అన్నాడు. మా వదిన మాటకి తిరుగులేదని చెప్పాను. పొరపాటున ఎక్కడైనా ఒక గింజ రాలి మొలిచి ఉంటే మాత్రం దాచకు. వెంటనే ఒక ముక్క రాయి, చాలు.

నీ మరదలు


పొలం దగ్గరి ఇల్లు.

కొలబద్దమ్మకు,

ఇది రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఏదో పని గుర్తొచ్చి లేచిపోతున్నాను. ఈసారి లేవను.

డబ్బాలో కొంచెం పురుగని రాశాను. కొంచెం కాదు. మూత తీస్తే బూడిద కదులుతోంది. చెరిగితే అంతా పొట్టూ పిండీ. బాగున్న గింజలు ఏరితే గుప్పిట కూడా నిండలేదు. తక్కినదంతా పెంటకుప్ప మీద పారబోశాను. వచ్చే పంటదాకా ఆగితే ఆ గుప్పెడూ మిగలవనిపించింది. కొట్టం వెనక, ఆయన పలుగూ పారా కడుక్కునే చోట తడి ఉంటుంది కదా, అక్కడ నాటాను. సంతకం చేను గురించి పెట్టాను, ఇది పెరడే కదా అనుకున్నాను. మీ కాగితాలన్నీ మీ పంటని మా నుంచి కాపాడుకోవడానికి అనుకున్నాను. మీ పొడి వచ్చి నా కండెల మీద పడుతుందన్న ఆలోచన, నీ ఉత్తరం చేతిలో ఉండి కూడా, నా బుర్రకి ఎక్కలేదు. ఎక్కించుకోలేదేమో.

కళ్ళజోడాయన “చేలో మొక్కజొన్న ఏమైనా వేశారా అమ్మా?” అని అడిగాడు. చేలో లేదన్నాను. అబద్ధం చెప్పలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

దాచకు అని నువ్వు రాసేటప్పటికే అవి జల్లు వేస్తున్నాయి. చెబితే పీకేస్తారని భయమేసింది. గింజ గట్టిపడితే చాలు, ఆ తర్వాత ఎవరేమన్నా పడదాం అనుకున్నాను. ఇప్పుడు గట్టిపడుతున్నాయి. చిలకలు వాలి తినిపోతున్నాయి. నిన్న ఒక కండె పొర విప్పి చూశాను. తెల్లగా, సన్న చారతో, ఆయన చూస్తే పక్కన పెట్టుకునేలా ఉంది. ఎంత సంతోషించానో చెప్పలేను. తర్వాత వంట చేస్తూ సగంలో పొయ్యి ఆపేసి మళ్ళీ దాని దగ్గరికి పోయాను. ఈ గింజ ఆయనదో, మీ చేనుదో నాకెలా తెలుస్తుంది?

నువ్వే చెప్పాలి. ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. నువ్వు ఎలాగంటే అలాగే.

వదిన


ఇంకో ఊళ్ళో, అద్దె గది.

వదినా,

నీ ఉత్తరం చదవగానే ముందు ఆఫీసుకి రాశాను. నీకు ముందు రాస్తే ఇక వాళ్ళకి రాయలేనని నాకు తెలుసు.

గింజ పైతొక్క తల్లి మొక్కది. ఆ ఎర్రచార ఉండేది దానిలోనే. అందుకే ప్రతి గింజా అన్నయ్యదిలాగే కనిపిస్తుంది. మా రకమూ తెల్ల గింజే కాబట్టి, లోపలికి వచ్చిన పుప్పొడి ఎవరిదో కంటికి కనబడదు. నేను అడిగాను వదినా. ఒక్కో గింజనీ మా గాజు ఇంట్లో మొలిపించి, ఆకు పరీక్ష చేసి, మనవి ఏరుకుంటానని అడిగాను. బతిమాలాను. పై ఆఫీసరు చెడ్డవాడు కాదు, తన పైవాళ్ళని కూడా కనుక్కున్నాడు. గీత లోపల పూసిన మొక్క ఏదీ, దాని గింజ ఏదీ మిగలకూడదన్నారు. మన అయినవాళ్ళకి ఒక లెక్కా, ఊళ్ళోవాళ్ళకి ఇంకో లెక్కా అన్నారు. ఈ మాట వేరేవాళ్ళకి నేనే ఎన్నోసార్లు చెప్పాను. అది సరైన మాట. నాకు దిక్కు తోచనిది అందుకే.

కండెలకి పీచు బయటికి రాకముందు చెప్పి ఉంటే, జల్లుకొకటీ కండెకొకటీ కాగితం సంచులు తొడిగి, ఆ పొడి ఆ కండెకే పట్టించేదాన్ని. అనుమతి దొరికేది. ఆ సంచులు మా గదిలో కట్టలు కట్టలుగా పడి ఉన్నాయి. నిన్ను దెప్పడానికి రాయడం లేదు. పొద్దున్నించీ వాటినే చూస్తూ కూర్చున్నాను, అందుకు రాస్తున్నాను.

వేరేవాళ్ళని పంపుతామన్నారు. వద్దు, నేనే వెళ్తానన్నాను.

నీ మరదలు


పొలం దగ్గరి ఇల్లు.

మరదలికి,

మీరంతా వెళ్ళాక పెరడు ఊడుద్దామని చీపురు పట్టుకున్నాను. ఊడ్చడానికి ఒక్క ఆకు లేదు. అంత శుభ్రంగా చేసి వెళ్ళారు.

నువ్వు వచ్చి, నాతో మాట్లాడకుండా, నేరుగా పక్క చేను గట్టు మీదికి పోయి టేపు తీయడం వంటింటి కిటికీలోంచి చూశాను. గట్టు నుంచి కొట్టం వెనక్కి కొలిచావు. మళ్ళీ వెనక్కి పోయి ఇంకోసారి కొలిచావు. ఈసారి టేపుని బిగించలేదు, కొట్టం గోడ చుట్టూ తిప్పి వదులుగా పట్టుకున్నావు. కొలత పెరిగితే మొక్కలు గీత అవతలికి పోతాయేమోనని చూశావు. పోలేదు. టేపు చుట్టేసి ఇటు వచ్చావు. దొంగ కొలత కొలిచిన కొలబద్దని చూసి ఉంటే మీ అన్నయ్య ఏమనేవాడో.

ఒక్క కండె ఉంచమని అడిగాను. నాటను, తినను, దగ్గర పెట్టుకుని చూసుకుంటానన్నాను. నువ్వు నా వైపు చూడకుండా చేతి తొడుగులు వేసుకున్నావు. నీతో వచ్చినవాళ్ళని ఒక్క మొక్కా ముట్టుకోనివ్వలేదు. అన్నీ నువ్వే పీకావు, నువ్వే నరికావు, నువ్వే గోతిలో వేశావు. అన్నం వండి పెట్టి ఉంచాను. నువ్వు తినకుండానే వెళ్ళిపోయావు. నేనూ పిలవలేదు.

నువ్వు తప్పు చేశావని అనను. ఆయన ఉన్నా అదే చేయమనేవాడు. కలిసిందని అనుమానమున్న గింజని నాది అని చెప్పుకోనా అనేవాడు. ఇదంతా నా బుద్ధికి తెలుస్తోంది. కానీ ఆయన్ని తీసుకెళ్ళిన రోజు నాకు ఏడుపు రాలేదు. చుట్టుపక్కలవాళ్ళు రాయి అనుకున్నారు. మొన్న మీవాళ్ళు గోతి మీద మట్టి తొక్కుతుంటే వచ్చింది. ఎలా ఆపుకోవాలో తెలియలేదు. ఏడాది కిందట కాదు, ఆయన మొన్ననే పోయాడు. ఆ పని నీ చేతుల మీదుగా జరిగింది.

నిన్ను చూస్తే నాకు ఆ తొడుగులే కనిపిస్తాయి. కొన్నాళ్ళు రాకు. ఉత్తరాలు కూడా వద్దు.

వదిన


కంపెనీ ఆఫీసు, వెనక గది.

వదినకు,

వద్దన్నా రాస్తూనే ఉన్నాను, నువ్వు జవాబివ్వకుండా ఉంటున్నావు. చదువుతున్నావో, పొయ్యిలో వేస్తున్నావో తెలియదు. ఇది మాత్రం చదువు, ఇందులో పని ఉంది.

ఆ రోజు ఒక్క కండె ఉంచమన్నావు. నేను మాట్లాడలేదు. నోరు తెరిస్తే సరే అనేదాన్ని, అందుకే తెరవలేదు. గదికి వచ్చాక బట్టల మడతలన్నీ విప్పి, జేబులు తిరగేసి, గింజ ఏదైనా ఇరుక్కుందేమోనని వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు కాబట్టి దొరక్కపోవడమే నయమైంది.

అయినవాళ్ళున్న చోట ఇకమీదట నాకు పని ఇవ్వరు. అది న్యాయమే. ఆ చేను చూపించిన రోజే నేనే వద్దనుకోవాల్సింది. నీ దగ్గర కూర్చోవాలన్న ఆశే లేకపోతే ఆ చేను అక్కడ పడేది కాదు, అన్నయ్య గింజ ఏదో ఒక పెరట్లో బతికే ఉండేది. ఈ లెక్క రోజూ వేసుకుంటున్నాను. ఎలా వేసినా అదే వస్తోంది.

పక్క చేను పంట ఎప్పుడో తీసేశారు. కానీ మా పని అంతటితో అయిపోదు. ఈ పంట కాలమంతా ఆ చేలోనూ, నీ పెరట్లోనూ రాలిన గింజ ఏదైనా మొలుస్తుందేమో చూడాలి. మొలిస్తే పీకాలి. ఏ గింజ, ఎక్కడిది అని అడగడం ఉండదు, మొక్కజొన్న అయితే చాలు. వానలు పడ్డాయి కాబట్టి వచ్చే వారం రావాలి. ఈ ఒక్క చేను పని ముగించే వరకూ నాకు వీలుంది. కళ్ళజోడాయన్ని పంపమంటే పంపుతాను. నన్ను రమ్మంటే వస్తాను.

రాకపోయినా, నేను నీదాన్నే.

మరదలు


పొలం దగ్గరి ఇల్లు,
మళ్ళీ వానలు.

కొలబద్దమ్మకు,

నీ ఉత్తరాలన్నీ చదివాను. ఒక్కటీ పొయ్యిలో వేయలేదు.

పోయిన ఉత్తరం వచ్చేసరికి ఇక్కడ పెంటకుప్ప పక్కన ఒక మొక్క ఉంది. తొలివానకే లేచింది. నేను డబ్బాలోంచి పారబోసిన పొట్టులో పురుగు వదిలేసిన గింజ కావచ్చు. అలా అయితే మీ చేను పూయకముందుది, అచ్చంగా ఆయనది. చిలకలు ఆ కండెల మీంచి జారవిడిచిన గింజా కావచ్చు. నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. కోళ్ళు పొడుస్తాయని దాని మీద గంప బోర్లించాను. పొద్దున లేవగానే మొహం కడుక్కోకముందే పోయి గంప ఎత్తి చూసేదాన్ని. చూస్తుండగానే ఆకులు వేసింది. గాలి వీస్తే ఒరగకుండా ఎలా నిలబడిందో నువ్వు చూసి ఉంటే అది ఆయనదేనని నాలాగే అనేదానివి. నీకు చెప్పకూడదనే అనుకున్నాను. కళ్ళజోడాయన్ని పంపమని రాద్దామనుకున్నాను. ఆయన గేటు దాటడు.

కాగితం ముందు పెట్టుకున్నాక, నోరు తెరిస్తే సరే అనేదాన్నని నువ్వు రాసిన ముక్క మళ్ళీ చదివాను. ఒక్క కండె ఉంచమని అడిగినప్పుడు నీ మీద ఎంత బరువు వేశానో అప్పుడు తెలిసింది. ఇప్పుడు నువ్వు వస్తావు. గంప కింద ఏముందో నీ కంట పడకుండా ఉండదు. అది ఎక్కడిదని నన్ను అడగవు, అడిగే వీల్లేదని నువ్వే రాశావు. మళ్ళీ తొడుగులు వేసుకుని వంగుతావు. నేను మళ్ళీ కిటికీలోంచి చూస్తాను. ఆ తర్వాత మనిద్దరికీ రాసుకోవడానికి ఉత్తరాలు కూడా ఉండవు.

అందుకని ఈ పొద్దున నేనే పీకేశాను. వేరుకి గింజ తొక్క ఇంకా అంటుకునే ఉంది. మట్టి తుడిస్తే చార కనిపించింది. పొయ్యిలో వేశాను. పచ్చిది కదా, కాలడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ పక్కనే కూర్చున్నాను.

ఆడబిడ్డ అర్ధమొగుడని నిన్ను ఆటపట్టించేదాన్ని. మొత్తం పోయాక నాకు మిగిలింది ఆ సగమే. దాన్ని కూడా పూడ్చుకుని కూర్చోలేను.

కళ్ళజోడాయన వద్దు. నువ్వే రా. వచ్చి ముందు అన్నం తిను. తర్వాత వెళ్ళి పెరడంతా తిరిగి చూసుకో. అక్కడ ఏమీ లేదు.

నీ వదిన